పూర్తయిందట!

మాది ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగం. వార్డుల్లోంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు అన్నీ మా చేతుల మీదుగానే పోవాలి. వాటి మీద ఏమేం ఉంటాయో చెప్పి మీ భోజనం పాడుచేయను. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో ముక్కు మూసుకుంటారు, డోక్కుంటారు, తర్వాత మామూలైపోతారు. నేనూ అంతే. మనిషి ఒంట్లోంచి వచ్చేది ఏదైనా సరే, నాకిప్పుడు అసహ్యం వేయదు. పాపం జబ్బుమనిషి, ఏం చేస్తాడు? వేడినీళ్ళు, సోడా, బ్లీచింగూ పడితే ఎంతటి మరకైనా పోతుంది. నాకు అసహ్యం వేసింది మాత్రం వేరే దాన్ని చూసి. అది శుభ్రమైన చొక్కా తొడుక్కుని, సెంటు కొట్టుకుని మరీ వచ్చింది.

ఆ చొక్కా మా సూపర్‌వైజర్‌ది. వెనకాల మేమంతా ఆయన్ని ఇస్త్రీ సార్ అంటాం. ఆవిరి గదిలో మేమందరం తడిసి ముద్దవుతుంటే, ఆయన చొక్కా మీద మాత్రం ఒక్క ముడత ఉండదు. ఎందుకుంటుంది? గుమ్మం దాటి లోపలికి వస్తేగా!

ముందు నా గోడు చెప్పాలి, లేకపోతే ఈ గొడవంతా ఎందుకో మీకు అర్థం కాదు. నాకు దగ్గు. ఆవిరిలో కలిసిన బ్లీచింగు వాసన ఏళ్ళ తరబడి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మా ఆసుపత్రిలోనే ఛాతీ డాక్టరుకి చూపించుకున్నాను. "ఆ గదిలోంచి బయటపడకపోతే ఈ మందులన్నీ దండగేనమ్మా" అన్నాడాయన మొహమాటం లేకుండా. బయటపడటం అంటే ఉద్యోగం మానేయడం కాదు. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది? మా విభాగానికి ముందు గదిలో ఒక కౌంటర్ ఉంది. ఉతికిన బట్టలు ఏ వార్డుకి పోయాయో, ఏవి తిరిగొచ్చాయో, ఏవి చిరిగాయో అక్కడ నమోదు చేస్తారు. కిటికీ, ఫ్యాను, కుర్చీ, అన్నిటికన్నా ముందు గాలి! అక్కడ కూర్చునే పెద్దాయన్ని కౌంటర్ తాత అంటాం. ఆయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాకు కావాలి. దాపరికం దేనికి, దాని కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

తాత చేత్తో రాసేవాడు. ఆయన తర్వాత అదంతా టాబ్‌లో చేయాలన్నారు. అందుకని ఆసుపత్రివాళ్ళు అందరికీ ఆన్‌లైన్ పాఠాలు పెట్టారు. డిజిటల్ అక్షరాస్యత అని పేరు. పూర్తి చేసినవాళ్ళకి సర్టిఫికెట్. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే కౌంటర్ కుర్చీ అడగడానికి అర్హులు. మేం అన్నం తినే విశ్రాంతి గదిలో ఒక టాబ్ తెచ్చి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని బల్లకి గొలుసుతో కట్టేశారు. మాలో సగం మందికి నొక్కుడు ఫోన్లే, నాదీ అంతే. మిగతా సగం మంది ఫోన్లు డ్యూటీలో లాకర్లో ఉంటాయి. అందుకని మా అందరి ఖాతాలూ ఇస్త్రీ సారే తెరిచాడు. ఫోన్ నంబర్ అడిగిన ప్రతిచోటా తన నంబరే కొట్టేశాడు. "పని తేలిక" అన్నాడు. మేం తలలూపాం. అప్పుడు అందులో మాకేం కనబడలేదు మరి.

మొదటిసారి టాబ్ ముందు కూర్చున్న రోజు నా బాధ చూడాలి. నొక్కమంటే తడిబట్ట పిండినట్టు నొక్కాను. ఏవేవో తెరుచుకున్నాయి. ఒక బొమ్మ పెద్దదై కూర్చుంది, ఎంత తోసినా పోదు. ఇంకో చిక్కేమిటంటే, పొద్దుట్నుంచీ నీళ్ళల్లో నానిన వేళ్ళు మావి. కొసలు ముడుచుకుపోయి ఉంటాయి. ఆ తెర వాటిని వేళ్ళుగానే గుర్తుపట్టదు! ఎంత తడిమినా ఉలకదు, పలకదు. చేతులు తుడుచుకుని, ఫ్యాను కింద చాపుకుని, ముడతలు పోయేదాకా కూర్చోవాలి. అప్పటికి విశ్రాంతి టైము సగం హరీ అనేది. మా తోడికోడలు నన్ను చూసి పడీపడీ నవ్వేది.

ఆవిడ గురించి చెప్పాలి. మా మరిది భార్య. ఒకే ఇల్లు, ఒకే ఉద్యోగం. ఆవిడని అందరూ గలగల అంటారు. ఏడవాల్సిన చోట కూడా నవ్వే రకం. నన్ను "అక్కా, అక్కా" అంటూ కొంగు పట్టుకు తిరుగుతుంది. మంచిదే అనుకునేదాన్ని.

"వేళ్ళు ఆరేసుకుని మరీ చదువుకోవాలా అక్కా? చిన్నప్పుడు బళ్ళో పలక ఆరబెట్టుకున్నట్టుంది!" అంది.

"నీకేం, నవ్వుతావు. ఆ కుర్చీలో కూర్చున్న రోజు చూద్దువుగానిలే" అన్నాను.

"నాకూ కావాలి ఆ కుర్చీ. ఫ్యాను గాలి నీకొక్కదానికేనా?" అని మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వేశాను. పోటీ అయితే పోటీ, ఎవరికొస్తే వాళ్ళకొస్తుంది అనుకున్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ పాఠాలు నాకు తెగ నచ్చాయి. అందులో ఒకావిడ గొంతు వినబడుతుంది, మనిషి కనబడదు. పాఠం మొదట్లో "తొందర లేదు. మీ వేగంలో మీరు నేర్చుకోండి. అర్థం కాకపోతే మళ్ళీ వినండి" అంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. పుట్టింట్లో తొందర, అత్తింట్లో తొందర, ఇక్కడ మెషిన్ గంట కొడితే పరుగో పరుగు. నా బతుకులో నాతో తొందర లేదన్నది ఆవిడ ఒక్కతే. అదీ మనిషి కాదు! ఒకే పాఠాన్ని ఎన్నిసార్లు తిప్పితిప్పి విన్నానో. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఎన్నోసారి అడిగినా అదే గొంతు, అదే మర్యాద. మా ఆయన్ని ఒక మాట రెండోసారి అడిగి చూడండి, తెలుస్తుంది.

అలా ఒక్కో మెట్టూ ఎక్కాను. టైపు చేయడం వచ్చింది, ఒక్క వేలితోనే అనుకోండి. వెతకడం వచ్చింది. పట్టికలో గడి నింపడం, తప్పు పడితే చెరపడం వచ్చింది. పాస్‌వర్డ్ పాఠం అయితే నాకు నోటికి వచ్చేసింది. "మీ పాస్‌వర్డ్ మీ ఒక్కరిదే. ఇంట్లోవాళ్ళకైనా, స్నేహితులకైనా, పై అధికారికైనా చెప్పకండి" అంటుంది ఆవిడ. ఆ మాట నాకు చాలా గొప్పగా అనిపించింది. నాకంటూ తాళం వేసుకునే బీరువా అర కూడా లేదు ఇంట్లో. నా ఒక్కదానిదే అయినది ఒకటుందంటే ముచ్చటేసింది. బాగా ఆలోచించి పెట్టుకున్నాను. ఏం పెట్టుకున్నానో మీకూ చెప్పను.

ఇంకా చివరి పాఠాలు మిగిలాయి. అసలు సంగతి అక్కడే ఉంది. కౌంటర్ పని మొత్తం అందులోనే: బట్టలు వార్డుకి ఇచ్చినట్టు ఎక్కించడం, తిరిగి వచ్చినట్టు తీసుకోవడం, చిరిగినవీ పోయినవీ వేరుగా చూపించడం. ఇచ్చినట్టు ఎక్కించడం దాకా వచ్చాను. తిరిగొచ్చేవి ఇంక మొదలుపెట్టాలి.

అప్పుడు ఊడిపడ్డాడు ఇస్త్రీ సార్.

మేమంతా టీ తాగుతున్నాం. గుమ్మం దగ్గరే నిలబడి, "పైనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. మన విభాగంలో అందరికీ కోర్సు పూర్తయినట్టు కనబడాలి. ఇప్పటిదాకా ఒక్కళ్ళదీ అవలేదు. నా పరువేం కాను?" అన్నాడు.

"మా వేగంలో మమ్మల్ని నేర్చుకోమన్నారు కద సార్?" అన్నాను నేను.

"మీ వేగం మీదే. నా గడువు నాది. అందరూ పాస్‌వర్డ్లు చెప్పండి, ఈ మధ్యాహ్నం కూర్చుని నేనే నొక్కేస్తా. మీకూ శ్రమ తప్పుతుంది."

నా చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అనుకున్నాను. ఎవరో ఒకరు, ఇదేంటి సార్ అంటారని చూశాను. ఎక్కడ! పాస్‌వర్డ్లు కూరగాయల బేరంలా గట్టిగా అరిచి చెప్పేశారు. డ్రయ్యర్ దగ్గర పనిచేసే పెద్దాయన, అందరం మామ అంటాం, చెప్పిన పాస్‌వర్డ్ ఒక ఆడమనిషి పేరు, అది ఆయన పెళ్ళాం పేరు మాత్రం కాదు. గది గొల్లుమంది. మామ మొహం కందగడ్డ అయింది. మా గలగల అయితే తన పాస్‌వర్డ్ చెప్పి, "ఒకవేళ నూటికి నూరూ వస్తే అనుమానం వస్తుందేమో, కాస్త తగ్గించండి సార్" అని వేళాకోళమాడింది. ఆయన కూడా నవ్వాడు. సంతలో ఉన్నంత సరదాగా ఉంది అందరికీ.

"నీదేంటమ్మా?" అన్నాడు నా వైపు తిరిగి.

"చెప్పకూడదండి" అన్నాను.

"ఏంటీ?"

"పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని పాఠంలోనే ఉంది. పై అధికారికి కూడా. నా పాఠాలు నేనే చేసుకుంటున్నాను. కొంచెమే మిగిలింది."

గదంతా మళ్ళీ నవ్వు. "అబ్బో! బ్యాంకు లాకరు తాళం మరి!" అన్నారెవరో. "సార్ ఏమన్నా కొరుక్కు తింటారా అక్కా దాన్ని?" అంది గలగల. ఇస్త్రీ సార్ మాత్రం నవ్వలేదు. నన్నొక చూపు చూసి, "అతి చేయకు" అని వెళ్ళిపోయాడు. నేను గెలిచాననే అనుకున్నాను. పిచ్చి మొహాన్ని కాకపోతే!

మర్నాడు వేళ్ళు తుడుచుకుని, ఆరబెట్టుకుని, టాబ్ ముందు కూర్చున్నాను. పాస్‌వర్డ్ కొట్టాను. తప్పు అంది. ఇంకా తడి ఉందేమోనని కొంగుతో రుద్దిరుద్ది తుడిచి మళ్ళీ కొట్టాను. తప్పు. అక్షరం అక్షరం గొణుక్కుంటూ కొట్టాను. తప్పంటే తప్పంది. నేనే మర్చిపోయానా? దగ్గుతోపాటు మతి కూడా పోతోందా?

వెనకనుంచి సెంటు వాసన వచ్చింది. లోపలికి రాని మనిషి ఆ రోజు విశ్రాంతి గదిలోకి వచ్చాడు.

"నీదీ పూర్తయిందమ్మా" అన్నాడు చల్లగా. "నిన్న సాయంత్రమే చేసేశా."

"ఎలా చేశారండి? నేను చెప్పలేదుగా!"

"చెప్పకపోతే ఆగిపోతుందా? పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే ఫోనుకి ఒక కోడ్ వస్తుంది. ఫోన్ నంబర్ ఎవరిది? నాది. కొత్త పాస్‌వర్డ్ పెట్టేశా. నీకు నా పేరే పెట్టా, గుర్తుంటుందని." దొంగతనం చేసి, ఏ గోడ ఎలా దూకాడో ఇంటివాళ్ళకే ముచ్చటగా చెబుతున్నాడు. మొహంలో ఎక్కడా సిగ్గన్న మాట లేదు. "పరీక్ష కూడా రాసేశా. నూటికి నూరు. ఇంక నువ్వు హాయిగా అన్నం తిను."

నాకు ఒళ్ళు జలదరించింది. ఎంతెంత కంపు కొట్టే దుప్పట్లు ఎత్తానో ఈ చేతులతో, ఎప్పుడూ అలా అనిపించలేదు. నా తాళం తీసి లోపలికి వచ్చి, నా కంచంలో అన్నం తినేసి, కడుపు నిండిందా అని నన్నే అడుగుతున్నాడు!

"నాకు మిగిలిన పాఠాలు కావాలండి. తెరిచి ఇవ్వండి" అన్నాను.

తనే కొట్టి చూపించాడు. తెర మీద పూలు కురిశాయి. మీరు ఈ కోర్సు పూర్తి చేశారు, అభినందనలు అని వచ్చింది. కింద పాఠాల పేర్లన్నీ ఉన్నాయి, ఏది నొక్కినా తెరుచుకోదు. పూర్తయిపోతే అంతేనట, మళ్ళీ లోపలికి పోనివ్వదట. నా వేలు ముడతలు పడి లేదు, తడిగా లేదు. అయినా ఉలకలేదు, పలకలేదు. ఆ గొంతు కూడా వినబడలేదు.

"ఇదేం అన్యాయమండీ! నేను నేర్చుకోవాలనే కదా ఇదంతా!" అన్నాను.

"సర్టిఫికెట్ వచ్చిందిగా. ఇంకా నేర్చుకోవడం దేనికి?" అన్నాడు ఇస్త్రీ సార్. ఆయన నిజంగానే అడిగాడు. ఆ మనిషికి నిజంగానే తెలియదు. అది చూశాకే నాకు ఎక్కువ రోత పుట్టింది.

పెద్దవాళ్ళు వచ్చారు. అందరికీ పూర్తయిందని చూసి చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ సార్‌కి శాలువా కప్పి ఫోటో తీశారు. ఆ ఫోటోలో మేం కూడా ఉన్నాం, వెనక వరసలో, తడి చీరలతో. నన్ను నవ్వమన్నారు. నవ్వలేదు.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పుకున్నాను. "పనైపోయిందిగా, ఇంకేంటి ఏడుపు?" అన్నాడు. ఈ మనిషి దగ్గర చెప్పుకున్నాను చూడండి, నాదీ బుద్ధి తక్కువే. కౌంటర్ తాత దగ్గరికి వెళ్ళి చివరి పని నేర్పమని అడిగాను. "నాకు కాయితం మీదే వచ్చమ్మా, ఆ గాజుపలక నాకేం తెలుసు?" అని చేతులెత్తేశాడు. పోనీలే, వచ్చినంత వచ్చింది, ధైర్యంగా వెళ్దాం అనుకున్నాను.

కౌంటర్ కుర్చీకి ఎవర్ని వేయాలో తేల్చేది మేట్రనమ్మ. నర్సులందరికీ పెద్ద. కోపిష్టి అంటారు కానీ, న్యాయం తప్పదని పేరు. కుర్చీ అడిగింది మేం ఇద్దరమే, నేనూ గలగలా. ఇద్దర్నీ ఒకేసారి గదిలోకి పిలిచింది. బల్ల మీద టాబ్ ఉంది. పక్కన మా సర్టిఫికెట్లు. కిటికీ పక్కన ఇస్త్రీ సార్ నిలబడి ఉన్నాడు.

ముందు గలగలని పిలిచారు. "పిల్లల వార్డుకి దుప్పట్లు ఇచ్చినట్టు చూపించు" అంది మేట్రనమ్మ. గలగల టాబ్ తీసుకుని తలకిందులుగా పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎక్కడ వెలిగించాలో తెలియలేదు. చివరికి కిసుక్కుమని నవ్వేసింది.

"నాకేం రాదమ్మా. నిజం చెప్పేస్తున్నా. అంతా సారే చేశారు. నేను పాస్‌వర్డ్ ఇచ్చానంతే."

మేట్రనమ్మ ఇస్త్రీ సార్ వైపు చూసింది. ఆయన కాలరు సర్దుకున్నాడు. "గడువు ముంచుకొచ్చిందమ్మా. అందరూ బతిమాలితే కాస్త సాయం చేశా" అన్నాడు.

నేను అనుకున్నాను, ఇప్పుడు పడుతుంది వాయింపు అని. మేట్రనమ్మ తల అడ్డంగా ఊపి నిట్టూర్చింది. "సరే. కనీసం ఒప్పుకుంది. నువ్వు రా" అంది నన్ను.

వేళ్ళు ముందే ఆరబెట్టుకుని వచ్చాను. టాబ్ వెలిగించాను. వార్డు పేరు వెతికాను, ఒక్క వేలితోనే, కానీ తప్పు లేకుండా కొట్టాను. దుప్పట్లు ఎక్కించాను, గలీబులు ఎక్కించాను. కావాలని ఒక తప్పు కొట్టి చెరిపి చూపించాను. మేట్రనమ్మ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. ఆ కిటికీ, ఆ గాలి, కుర్చీ అన్నీ నాకు కనబడ్డాయి.

"బాగా చేస్తున్నావే! ఇప్పుడు అవి తిరిగొచ్చాయి. ఒకటి చిరిగింది. చూపించు" అంది.

వేలు గాల్లో ఆగిపోయింది. అక్కడా ఇక్కడా నొక్కాను. మళ్ళీ ఇచ్చినట్టే ఎక్కింది. చెరిపాను. ఇంకోటి నొక్కాను.

"ఇది రాదండి" అన్నాను.

మేట్రనమ్మ సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుంది. "ఈ పాఠంలో నీకు పూర్తి మార్కులు. ఇది కూడా సారేనా?"

"అవునండి. చివరివి ఆయనే చేశారు. కానీ నేను చేయమనలేదండి. పాస్‌వర్డ్ ఇవ్వలేదు."

"ఇవ్వకుండా ఆయనెలా చేశాడు?"

"మర్చిపోయాను అని నొక్కి, తన ఫోనుకి కోడ్ తెప్పించుకుని..."

"ఆ మాయలూ మంత్రాలూ నాకు చెప్పకు" అంది మేట్రనమ్మ. మొహంలో రంగు మారింది. "ఏమయ్యా, ఇచ్చిందా లేదా?"

ఇస్త్రీ సార్ నా వైపు చూడలేదు. అడక్కుండా ఖాతాలోకి దూరాడని తేలితే ఆయన కొంప మునుగుతుంది. అడిగితే సాయం చేశాడంటే, పోన్లే పాపం మంచివాడు! ఆ లెక్క ఆయన కళ్ళల్లో తిరగడం నేను చూశాను. "ఇచ్చిందమ్మా. అందరితో పాటే" అన్నాడు.

"అబద్ధం! టీ దగ్గర అందరి ముందూ ఇవ్వనన్నాను. మా తోడికోడలు అక్కడే ఉంది, ఆవిడనే అడగండి!"

మేట్రనమ్మ గలగల వైపు తిరిగింది. "నీ ముందేగా? ఇచ్చిందా, ఇవ్వలేదా?"

గలగల మొదటిసారి నవ్వలేదు. నన్ను చూసింది, సార్‌ని చూసింది, బల్ల మీది టాబ్‌ని చూసింది. "నాకు తెలీదమ్మా. నేను సరిగ్గా వినలేదు" అంది.

కొరుక్కు తింటారా అక్కా అని పగలబడి నవ్విన నోరు అది!

మేట్రనమ్మ టాబ్ పక్కకి జరిపింది. "చూడమ్మా, పని రాకపోతే నేర్చుకోవచ్చు. కౌంటర్ అంటే ఆసుపత్రి సొత్తు. అక్కడ కూర్చునేవాళ్ళు తప్పు చేసినా పరవాలేదు, దాచకూడదు. ఈ అమ్మాయికి ఏమీ రాదు, కానీ వచ్చీ రాగానే నిజం ఒప్పుకుంది. నువ్వు చేతిలో సర్టిఫికెట్ పెట్టుకుని ఇంకొకళ్ళ మీదికి తోస్తున్నావు" అంది. ఆవిడ న్యాయమే చేస్తున్నానని అనుకుంటోంది. గొంతులో ఎక్కడా పక్షపాతం లేదు. కుర్చీ గలగలకి ఇచ్చేసింది.

నేను ఇంకా ఏదో చెప్పబోయాను. దగ్గు తెర కమ్ముకొచ్చింది. దగ్గీ దగ్గీ తలెత్తేసరికి మేట్రనమ్మ మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి, "వెళ్ళు, కాసేపు గాలి పోసుకో" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరం అన్నాలకి కూర్చున్నాం. మా మరిది మహా హుషారుగా ఉన్నాడు, పెళ్ళాం ఆఫీసరైనట్టు. మా ఆయన నా కంచంలోకి చూసి, "తిను, తిను. కుర్చీ ఇంట్లోనే ఉందిగా. నువ్వయితే ఏంటి, తనైతే ఏంటి?" అన్నాడు.

"దగ్గు కూడా ఎవరికైనా ఒకటేనా?" అన్నాను.

"నువ్వూ ఇచ్చానని ఒక్క మాట అనేస్తే పోయేదిగా. ఇచ్చి మర్చిపోయి ఉంటావులే" అన్నాడు. కట్టుకున్నవాడు! నాతో కాపురం చేస్తున్నవాడు! ఆ మాట అని చారు పోసుకున్నాడు.

గలగల నా పక్కకి జరిగింది. కాసేపు ముద్ద కలుపుతూ కూర్చుని, "అక్కా, ఒకటడుగుతా, కోప్పడకూడదు" అంది. "రేపట్నుంచి నాకు కాస్త ఆ టాబ్ నేర్పవా? ఎలా వెలిగించాలో కూడా నాకు తెలీదు. ఇస్త్రీ సార్ నిన్నే అడగమన్నారు."

"ఏమన్నాడు?"

"మన విభాగం మొత్తానికి నిజంగా నేర్చుకుంది మీ అక్క ఒక్కతే, ఎవరి సాయం లేకుండా తనే కూర్చుని నేర్చుకుంది, ఆవిడ దగ్గరే నేర్చుకో అన్నారక్కా." నన్ను సంతోషపెట్టానని మొహం వెలిగిపోతోంది దానికి.

"చూశావా, పేరొచ్చిందిగా!" అన్నాడు మా ఆయన.

నేను గలగల మొహంలోకి చూశాను. "ఆ మాట, సార్ అన్నది అన్నట్టు, రేపు మేట్రనమ్మ ముందు చెప్తావా?"

దాని నవ్వు ఆగిపోయింది. మా మరిది వైపు చూసింది. అతను కంచంలోకి తల దించేశాడు. "చెప్తే నా కుర్చీ పోదూ అక్కా?" అంది, చాలా చిన్న గొంతుతో.

చేతిలో ముద్ద కంచంలో పడేసి లేచాను. పెరట్లోకి వెళ్ళి తుపుక్కున ఊశాను.

"ఎవరి మీదే ఆ ఊయడం?" అన్నాడు మా ఆయన లోపల్నుంచి.

"అందరి మీదా" అన్నాను.